మంచుపలకల చరిత్ర

గోదావరీతీరమున, అరటితోటల నడుమ పుట్టి పెరిగిన ఒక తెలుగు పండితుడు మంచుకొండలమీద జారెడు విద్యనుగూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోపవచ్చును. మా రావులపాలెమున మంచు కురియదు. మాఘమాసపు తెల్లవారుజామున గౌతమిమీద పొగవలె క్రమ్ముకొని, ప్రొద్దెక్కగానే విడిపోవునదే మాకు తెలిసిన మంచు. అమరకోశమున హిమమునకు గల నీహారము, తుషారము, తుహినము, ప్రాలేయము మున్నగు పర్యాయపదములను నేను బాల్యముననే వల్లించితిని; పిమ్మట శిష్యులచేత వల్లింపజేసితిని. కాని అరువది యేండ్లు దాటువరకును ఆ పదములు చెప్పు వస్తువును చేతితో తాకి యెరుగను.

ఇట్టి నాకు ఈ విషయమున ప్రవేశము కలుగుటకు నా మనుమరాలు కారణము. కొన్నియేండ్ల క్రిందట శీతకాలమున నేను అమెరికాలోని డెన్వరు నగరమున నున్న మా అమ్మాయి యింట మూడు మాసము లుంటిని. ఆ నగరమునకు పడమట రాకీ పర్వతములు కోటగోడవలె నిలిచియుండును. సెలవుదినము వచ్చినదన్న, మనవారు కార్తికమాసమున వనభోజనములకు బయలుదేరినట్లు, అక్కడి జనము పిల్లాజెల్లలతో మంచుకొండలకు బయలుదేరుదురు. మన తెలుగువారి పిల్లలును అందు వెనుకబడినవారు కారు. మా మనుమరాలికి అప్పటికి పండ్రెండేండ్లు. అంతకు ముందటి యేట ఆ బాలిక పొడుగుపాటి స్కీ పలకలు కట్టుకొని వాలు దిగుచు పడి, మోకాలు మెలిపడి, నెలదినములు నడువలేకపోయెను. మరల కొండయెక్కుటకు భయపడుచుండగా, ఒక శిక్షకురాలు రెండు మూరల పొడవుగల పొట్టి పలకల జత నామె పాదములకు కట్టెను. ఆ పూటయే పిల్ల నవ్వుచు క్రిందికి దిగెను. అంతవరకు బాగుగనే యుండెను. కాని తోడి పిల్లలు, “అవి పసివాళ్ళ ఆటవస్తువులు, అది అసలు విద్యే కాదు” అని గేలిచేసిరి.

ఆ రాత్రి మనుమరాలు నా మంచముచెంత కూర్చుండి, “తాతయ్యా! నువ్వు అన్ని పుస్తకాలూ చదువుతావు గదా. పొట్టి పలకలమీద జారడం నిజమైన స్కీయింగేనా, కాదా? నా మనసు కష్టపెట్టకూడదని అబద్ధం మాత్రం చెప్పకు” అని యడిగెను. వ్యాకరణమున సాధుశబ్ద మేది, అసాధుశబ్ద మేది యని యడిగినచో ఆ క్షణముననే చెప్పియుందును. దీనికి మాత్రము, “చదివి చెప్పెదనమ్మా” అని గడువు కోరితిని. ఆ నగరపు గ్రంథాలయమునను, ఇంటికి తిరిగివచ్చిన పిమ్మటను చదివి తెలిసికొన్నదానినే నేడు మీకు విన్నవించుచున్నాను.

ముందుగా మంచుమీద జారు సాధనములు మూడింటిని మన గోదావరి మాటలలో చెప్పెదను. స్కీ యనగా పాదమున కొకటి చొప్పున కట్టుకొను పొడుగాటి, సన్నని పలక. చేతులలో రెండు కఱ్ఱ లుండును. ఇది యొక్కొక్క కాలికి ఒక్కొక్క తాటిదోనె కట్టినట్లుండును. రెండవది స్నోబోర్డు. ఇది వెడల్పైన ఒక్కటే పలక, రెండు పాదములును దానిమీదనే అడ్డముగా బిగింపబడును, చేతులలో కఱ్ఱలుండవు. మన లంకలలో దోనెలు రెండింటిని జతగట్టి సంగడి చేయుదురు గదా. సంగడి యను మాటకు జత యనియు, స్నేహమనియు అర్థములు కలవు. స్నోబోర్డు మంచుమీది సంగడి. మూడవది స్కీబోర్డు. ఇది పాదమున కొకటి చొప్పున కట్టుకొను పొట్టి పలక. సామాన్యముగా రెండు మూరలకు కొంచెము అటునిటుగా పొడవుండును. స్కీకంటె కొంత వెడల్పు. ముందువెనుకల రెండు కొనలును పైకి వంగియుండును. చేతులలో కఱ్ఱ లక్కరలేదు. దీనికి తెలుగున పేరు లేదు గనుక, ఈ ప్రసంగమున పొట్టిపలక యని వ్యవహరించెదను.

ఈ మూడింటి మర్మము ఒక్కటే. మనుష్యుని బరువు పాదమంత చోట పడినచో మెత్తని మంచులో మోకాలిదాక దిగబడును. అదే బరువు పలకపొడవునను పరచుకొన్నచో దిగబడదు, వాలున్నయెడల జారును. ఇది మనకు తెలియనిది కాదు. దమ్ము చేసిన చేనిలో ఎడ్లు లాగుచుండగా, చదును చేయు బల్లమీద పగ్గములు పట్టుకొని నిలుచుండి పోవు రైతును చూడుడు. అతడు మోకాళ్ళు ఇంచుక వంచును. మలుపున ఒక ప్రక్కకు ఒరగును. బురదలో తేలిపోవుచు పడిపోకుండును. చిన్ననాట నేనును ఆ బల్లమీద నెక్కి నాయనచేత చీవాట్లు తింటిని. రాకీ పర్వతములమీద జారువారిని తొలిసారి చూచినప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చినది ఆ బల్లయే.

ఇక చరిత్రకు వత్తము. స్కీ యనునది పూర్వకాలపు నార్వే భాషలో చీల్చిన కట్టె యను నర్థము గల పదమునుండి పుట్టినది. మాట యెంత ప్రాతదో, వస్తువు అంతకంటెను ప్రాతది. ఉత్తరరష్యాలో సిందోరు సరస్సు చెంతనున్న బురదనేలలో పలకల తునుకలు దొరకినవి. అవి సుమారు 8,000 సంవత్సరముల నాటివి. వానిలో ఒకదాని కొనయందు దుప్పిజాతి మృగముయొక్క తల చెక్కబడియున్నది. స్వీడను దేశమున కాల్వ్‌ట్రాస్కు అనుచోట దొరకిన పలకల వయస్సు 5,000 సంవత్సరములకు పైబడినది. ఆ కాలమున ఈ పలకలు వినోదమునకు గాక జీవనమునకు సాధనములు. ఎడతెగని మంచులో వేటాడి బ్రదుకవలసిన వానికి అవి మన లంకవానికి దోనెవంటివి.

ఇచ్చట నన్ను ఆశ్చర్యపరచిన విషయ మొకటి కలదు. స్వీడను, నార్వే, ఫిన్లండు దేశములలో బహుకాలము పెక్కుచోట్ల రెండు కాళ్ళకును సమానమైన పలకలు వాడలేదు. ఒక కాలికి మిక్కిలి పొడుగైన పలక. రెండవ కాలికి దానిలో కొంతభాగము మాత్రమే పొడవుగల పొట్టి పలక. పొట్టిదాని అడుగున జంతుచర్మము బిగింతురు. ఆ చర్మపు వెండ్రుకలు వెనుకకు తిరిగియుండుటచే ముందుకు జారును గాని వెనుకకు జారదు. పొట్టికాలితో నెట్టుదురు, పొడుగుకాలిమీద సాగుదురు. నార్వే సైనికులు 18వ శతాబ్దిలో సైతము ఇట్టి విషమజంటనే వాడిరి. కావున పొట్టిపలక నిన్న మొన్న పుట్టిన పసివాండ్ర ఆటవస్తువు గాదు, పొడుగుపలకకు తోబుట్టువు. ఈ సంగతి చదివిన నాడు మనుమరాలికి సగము సమాధానము దొరకినదనుకొంటిని.

పనిముట్టుగా నున్న స్కీ కళగా మారుటకు నార్వేలోని టెలెమార్కు మండలము పుట్టినిల్లు. మోర్గెడాలు అను పల్లెలో 1825లో సాంద్రె నూర్హైము అను బీదరైతు జన్మించెను. అంతవరకు పలకకు పాదపు ముందుభాగము మాత్రమే వారుతో కట్టబడుచుండెను. గంతు వేసినచో కాలు ఊడివచ్చెడిది. నూర్హైము మెలిపెట్టిన సన్నని కొమ్మలతో మడమచుట్టును కట్టు బిగించెను. పలకను కురుచచేసి, నడుము సన్నగిల్లునట్లు ప్రక్కలను చెక్కెను. అందుచేత పలక మలుపునకు లొంగెను. 1868లో రాజధానియగు క్రిస్టియానియాలో పోటీలు జరుగగా, నలువది దాటిన యీడున నతడు అచ్చటికి పోయి పట్టణవాసులను అబ్బురపరచెను. ఆ క్రిస్టియానియాయే నేటి ఆస్లో. పిమ్మట 1884లో అతడు బ్రదుకుదెరువునకై అమెరికాకు వలసపోయి, చదునైన ఉత్తరడకోటా మైదానములలో 1897లో దేహము చాలించెను. కొండవాలుల యాటకు జీవము పోసినవానికి తుదకు కొండలేని సీమ దక్కినది!

1888లో నార్వే దేశీయుడగు ఫ్రిజోఫ్ నాన్సెను స్కీలపై గ్రీన్లండు హిమభూమిని దాటి, ఆ ప్రయాణమును గ్రంథముగా వ్రాసెను. దానిని చదివి ఉప్పొంగినవారిలో ఆస్ట్రియా దేశమున లిలియెన్‌ఫెల్డు చెంత కాపురమున్న మథియాసు జ్దార్‌స్కీ యొకడు. ఆయన 1856లో పుట్టెను, ఒకప్పుడు బడిపంతులు. నార్వేనుండి తెప్పించిన పలకలు ఇంచుమించు మూడు మీటర్ల పొడవుండెను. నార్వే కొండల మెల్లని వాలులకు అవి తగినవి. ఆల్ప్సు పర్వతముల నిటారు వాలులలో వానిని త్రిప్పుట దుర్ఘటము. ఆయన ఏండ్ల తరబడి ఒంటరిగా పాటుపడి, పలకలను సుమారు 180 సెంటిమీటర్లకు కురుచచేసి, మడమ కదలకుండ పట్టునట్టి లోహపు కట్టును కల్పించి, ఒకే కఱ్ఱతో దిగు పద్ధతిని 1896 ప్రాంతమున గ్రంథస్థము చేసెను.

అంతట పండితవాదము చెలరేగెను. నార్వే సంప్రదాయము నాశ్రయించినవారు జ్దార్‌స్కీ పలకలు కురుచవనియు, ఆ జారుడు స్కీ యనదగదనియు ఎత్తిపొడిచిరి. పత్రికలలో కాగితములు ఖర్చయ్యెను. తుదకు 1905లో నార్వేనుండి హస్సా హోర్ను అను ప్రవీణుడు లిలియెన్‌ఫెల్డునకు వచ్చి స్వయముగా చూచి, నిటారు వాలులకు జ్దార్‌స్కీ పద్ధతియే తగినదని యంగీకరించెను. ఆ సంవత్సరముననే మార్చి 19వ తేదీన జ్దార్‌స్కీ, పాతిన జెండాల నడుమ మలుపులు తిరుగుచు దిగు పందెమును నడపెను. నేటి స్లాలము పందెములకు దానిని ఆదిగా చెప్పుదురు. గ్రాంథిక వ్యావహారిక వాదముల నడుమ పెరిగిన మనకు ఈ కథ క్రొత్తదిగా తోపదు. ఈ దేశపు వాలును చూడక ఆ దేశపు పలకను కొలబద్దగా పెట్టుకొనుటయే ఆ కలహమునకు మూలము.

ఇంతటితో పొడవునుగూర్చిన వాదము తీరినదనుకొనరాదు. 20వ శతాబ్ది నడుమ మరల పొడుగుపలకకే ప్రతిష్ఠ కలిగెను. చేయి పైకెత్తినచో దానికి అందునంత పొడవుండవలె నని నియమము. క్రొత్తగా నేర్చువాడును దానితోనే మొదలిడవలెను, పడవలెను, లేవవలెను, ఓపిక చాలనివాడు ఇంటికి పోవలెను. ఆ కాలమున క్లిఫ్ టేలరు అను అమెరికా దేశపు శిక్షకుడు, 1950, 60 దశాబ్దములలో, వెర్మాంటు రాష్ట్రపు కొండలయందు వేరొక మార్గము పట్టెను. నేర్చువానికి మొదట మూడడుగులలోపు పలకలిచ్చెను. పొట్టిపలకను త్రిప్పుట సులభము. భయము మొదటి గంటలోనే సగము వదలును. భయము వదలిన పిమ్మట నాలుగడుగులు, తరువాత ఐదడుగులు. ఇట్లు మెట్టుమెట్టుగా పొడవు పెంచుకొని పోవుటయే ఆ పద్ధతి. పిమ్మట అమెరికాలోని పెక్కు స్కీ పాఠశాల లీ సోపానక్రమమును స్వీకరించెను. దీనిని హేళన చేసినవారును లేకపోలేదు. పొట్టిపలకపై నేర్చిన వానికి చెడు అలవాటులు పట్టుబడు ననిరి. ఆ మాటలో కొంత నిజమును కలదు. కాని ఆ పద్ధతి లేకున్నచో కొండ యెక్కని వేలమందిని అది కొండ యెక్కించినది.

శ్రోతలారా! ఈ టేలరు వృత్తాంతము చదువుచుండగా పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. ఏలయన, నాకు ఒక శిష్యుడు జ్ఞప్తికి వచ్చెను. ముప్పదియేండ్ల క్రిందటి మాట. మా గౌతమికి నడుమనున్న ఒక లంకనుండి పడవ నడుపువాని కొడుకొకడు నేను పనిచేయు బడికి వచ్చుచుండెను. కంఠము మంచిది, పద్యము వినినచో రెండవమారు అప్పగించెడివాడు. వానిని పండితుని చేయవలెనని నాకు తమకము కలిగెను. నేను ప్రాచ్యకళాశాలలో సంప్రదాయానుసారముగ చదివినవాడను. సంధులు, సమాసములు కంఠస్థము కానిదే కావ్యము ముట్టరాదని నమ్మినవాడను. చిన్నయసూరి బాలవ్యాకరణమును వాని చేతబెట్టి, సూత్రములన్నియు అప్పగించిన పిమ్మటనే కథలపుస్తక మిత్తునని శాసించితిని. తోటి ఉపాధ్యాయుడొకడు, “వాడికి ముందు చిన్న చిన్న కథలు ఇవ్వండి మేష్టారూ” అనగా, అది విద్య గాదంటిని. ఆ పిల్లవాడు రెండు మాసములు ప్రయత్నించెను. పదిమందిలో నిలువబెట్టి అడుగగా తడబడెను. నేను కసరితిని. సంక్రాంతి సెలవుల తరువాత వాడు బడికి రాలేదు.

పదునైదేండ్లకు పిమ్మట మా యూరి అరటికాయల మార్కెట్టు దగ్గర, గెలలు నింపిన లారీ దిగి ఒకడు నాకు నమస్కరించెను. వాడే. యోగక్షేమము లడిగిన తరువాత నేనే ఆ మాట యెత్తితిని. వాడు నవ్వి, “మీమీద కోపం లేదండి పంతులుగారూ. అప్పుడు మీరు చిన్న పుస్తకం ఒకటి చేతికిచ్చుంటే చదువుకునుండేవాణ్ణేమోనండి. ఇప్పుడు సరుకు చీటీ చదవడానికి సరిపోతుంది లెండి” అని లారీ యెక్కి పోయెను. గెలలమీద కప్పిన ఎండుటాకులు వంతెన వంకకు మలుపు తిరుగువరకు నాకు కనబడుచునే యుండెను. పొడుగుపలక తప్ప మరొకటి పలక గాదన్నవారిలో నేనును ఒకడనే. జ్దార్‌స్కీని గేలిచేసినవారిని నిందించుటకు నాకు నోరు రాలేదు.

ఇక కథ ముగింపవలెను. స్నోబోర్డు పుట్టుక చిత్రమైనది. 1965లో క్రిస్మసు పండుగనాడు అమెరికాలోని మిషిగను రాష్ట్రమున మస్కీగను పట్టణమున షెర్మను పాపెను అను గృహస్థుడు, పిల్లలను ఆడించుటకై రెండు స్కీలను ప్రక్కప్రక్కన జతపరచి ఒక్కటే పలకగా బిగించెను. మన సంగడియే! ఆయన భార్య మంచు, అలలమీది జారుడు అను రెండు మాటలు కలిపి దానికి స్నర్ఫరు అని పేరిడెను. దానినుండి పలువురి కృషివలన నేటి స్నోబోర్డు రూపొందెను. 1977లో జేకు బర్టను కార్పెంటరు వెర్మాంటులో వీనిని చేయుటకు పూనుకొనెను. మొదట స్కీ కొండల యజమానులు వీనిని తమ వాలులమీదికి రానీయలేదు. ప్రమాదకరమనిరి, ఆకతాయి పిల్లల పని యనిరి. 1980 దశాబ్దమున ఒక్కొక్క కొండయే ద్వారము తెరచెను. 1998లో జపానులోని నాగనో ఒలింపిక్ క్రీడలలో స్నోబోర్డునకు స్థానము లభించెను. నిన్నటి అసాధుశబ్దము నేడు నిఘంటువున కెక్కినట్లు!

ఈ రెండింటి నడుమ మూడవదారిగా పొట్టిపలక 1990 దశాబ్దమున మరల తలయెత్తెను. ఆస్ట్రియాకు చెందిన క్నైస్సెలు సంస్థ, కొనయందు మనుష్యపాదపు వ్రేళ్ళ ఆకారము గల పొట్టిపలకలను బిగ్‌ఫుట్ అను పేర చేసెను. 1995లో అమెరికాలో జేసను లెవింతలు అను యువకుడు లైన్ అను సంస్థను స్థాపించి, రెండు కొనలును వంగిన స్కీబోర్డులను తయారుచేసెను. ముందునకును, వెనుకకును సమానముగ జారవచ్చును, గాలిలో తిరుగవచ్చును. స్కీవలె కాళ్ళు రెండును స్వేచ్ఛగా నుండును. స్నోబోర్డువలె చేతులు ఖాళీగా నుండును. ఫ్రాన్సు దేశపు సలోమాను సంస్థ స్నోబ్లేడు అను పేర విక్రయించిన పలకలు లోకమున ఎంతగ వ్యాపించెననగా, ఆ పేరే పెక్కురకు ఈ జాతికంతటికిని పేరయ్యెను. 1998 నుండి 2000 వరకు అమెరికాలో జరిగిన ఎక్స్ గేమ్సు అను శీతకాల క్రీడలలో స్కీబోర్డు పందెములును జరిగినవి.

పిమ్మట వెనుకబడెను. కారణములు రెండు మూడు కలవు. వేగము హెచ్చినకొలది పొట్టిపలక అదరును. లోతైన మెత్తని మంచులో దిగబడును. అన్నింటికంటె ముఖ్యము, పెక్కు పొట్టిపలకలకు పడినప్పుడు కాలిని విడిచిపెట్టెడి కట్టు లేదు. అందుచేత పిక్కయెముక విరుగు ప్రమాదము కలదు. కాలిని విడుచు కట్టులు గల పొట్టిపలకలును దొరకును. నేర్చువారు అట్టివానినే కోరుట మేలు. ఇంతలో పొడుగు స్కీలు చేయువారు పొట్టిపలకనుండి విద్య గ్రహించిరి. రెండు కొనలును వంగిన పొడుగు స్కీలు 1990 దశాబ్దపు చివర అంగళ్ళకు వచ్చినవి. గాలిలో తిరుగగోరు యువకులు అటు మరలిరి. అంతియగాక ఆ దశాబ్దముననే నడుము మరింత సన్నగిల్లిన స్కీలు వచ్చి, చేయెత్తు పొడవు నియమమును తుడిచివేసినవి. నేడు కొండమీది సామాన్యుడు వాడు స్కీ వాని తలకు మించి యుండదు. అనగా పొట్టిపలక సంతలో నోడినను, పొడుగుపలకను కురుచచేయు వాదమున గెలుపు దానిపక్షమునకే దక్కినది.

మన దేశమునకును ఈ విద్య క్రొత్తది గాదు. కాశ్మీరములోని గుల్మార్గున 1927లో ఆంగ్లసైనికోద్యోగులు స్కీ క్లబ్బును స్థాపించిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948లో భారతసైన్యము పర్వతయుద్ధ శిక్షణకై అచ్చటనే పాఠశాల నెలకొల్పెను. 1964లో ఇన్స్‌బ్రుక్కు శీతకాల ఒలింపిక్ క్రీడలలో జెరెమీ బుజకోవ్‌స్కీ మన దేశము పక్షమున తొలిసారి స్కీ పందెమున పాల్గొనెను. 2018లో హిమాచలప్రదేశపు యువతి ఆంచల్ ఠాకూర్ టర్కీలో జరిగిన అంతర్జాతీయ స్లాలము పందెమున కాంస్యపతకము గెలిచెను. 2022లో బీజింగు ఒలింపిక్ క్రీడలకు మన దేశమునుండి పోయినవాడు గుల్మార్గు ప్రాంతపు ఆరిఫ్ ఖాన్ ఒక్కడే. వీరందరును మంచు వాకిట నున్నవారు, లేదా దానిని వెదకికొని పోయినవారు. మన పిల్లలు నేడు మంచుదేశములకు పోవుచున్నారు గనుక ఈ విద్య మన యిండ్లలోనికి వారి వెంట వచ్చుచున్నది.

చదివినది చాలునా, చేసి చూడవలదా యని మనుమరాలు నన్ను నిలదీసెను. తిరుగు ప్రయాణమునకు వారము ముందు నన్నును కొండకు తీసికొనిపోయెను. పంచె విడిచి అల్లుడుగారి దళసరి పంట్లాము తొడిగితిని. విడుచు కట్టులు గల పొట్టిపలకలు అద్దెకు తెచ్చి, చంటిపిల్లలు నేర్చు సమానప్రాయమైన వాలుమీద నన్ను నిలిపిరి. “మోకాళ్ళు వంచు తాతయ్యా! కిందికి చూడకు, ముందుకు చూడు” అని మనుమరాలు గురుస్థానమునుండి శాసించెను. మూడుమారులు పడితిని. మంచు మెత్తననుకొన్నది పొరపాటు. నాలుగవమారు చేను చదును చేయు బల్ల తలపునకు తెచ్చుకొని, మోకాళ్ళు వంచి, బరువు ముందుకు పెట్టితిని. ఇరువది బారల దూరము నేను పోయినట్లు గాక, నేలయే నా క్రిందినుండి వెనుకకు పోయినట్లుండెను. ఆగుట తెలియక మరల పడితిని. పొడుగుపలకలమీద నన్ను నిలిపియున్నచో మొదటి పాటుతోనే ఇంటికి పోయి, ఈ విద్య పిచ్చివారి పని యని యీ ప్రసంగమునందే నిందించియుందును.

ఆ సాయంకాలము ఆమె ప్రశ్నకు ఉత్తరము చెప్పితిని. “అమ్మా! నీవు జారునది నిజమైన విద్యయే. నీ పలక పొడుగుపలకకు తోబుట్టువు. అయినను దానికి హద్దులు కలవు. లోతుమంచునకును, పెద్ద వేగమునకును అది తగదు. ఆ హద్దులు తెలిసి వాడుకొనుము. పొడుగుపలక నేర్వవలెనని ఎప్పుడైన తోచినచో ఇది మెట్టు. తోపకున్నచో ఇదియే ఇల్లు. రెండింటిలో ఏదియు సిగ్గుపడవలసినది గాదు.” ఆమె కొంతసేపు ఆలోచించి, “మెట్టో ఇల్లో నేనే తేల్చుకోవాలన్నమాట” అనెను. అవునంటిని. ఆ మరుసటి శీతకాలమున పొడుగుపలకలు మరల కట్టి చూచినదనియు, రెండును తనకు కావలెననుచున్నదనియు మా అమ్మాయి వ్రాసెను.

ఉపాధ్యాయులకును, తల్లిదండ్రులకును నా విన్నప మొక్కటియే. శాస్త్రము తగ్గించి చెప్పుడని నేననుట లేదు. నూర్హైమును, జ్దార్‌స్కీయు, టేలరును కొండను తగ్గింపలేదు. పలకను వాలునకును, పాదమునకును తగినట్లు చెక్కిరి. నేను వ్యాకరణము నిప్పటికిని పూజింతును. కాని పదవీవిరమణ చేసిన పిమ్మట సాయంకాలములందు మా అరుగుమీదికి వచ్చు పిల్లలకు ముందుగా ఒక పలుచని కథలపుస్తక మిచ్చుచున్నాను. సూత్రము వారే యడిగిన నాడు చెప్పుచున్నాను. అడుగని వారును కొందరు కలరు. వారు కథలు చదువుకొని పోవుచున్నారు. లారీలో పోయిన ఆ శిష్యుని మాత్రము తిరిగి బడికి పిలువజాలను. ఈ ప్రసంగము ఏ దారిలోనైన అతని చెవిని పడినచో, ఆనాటి తప్పు నాదేయని అతడు విందురుగాక.